లైట్‌హౌసు తాత పెళ్ళి

ఆ రోజుల్లో ఇంగ్లీషు సాహిత్యం చదవడమంటే దాన్ని అర్థం చేసుకోవడమని మా వైపు ఎవరూ అనుకునేవారు కాదు. అర్థం చేసుకోవడానికి లెక్కలున్నాయి, సైన్సుంది, అవీ చాలకపోతే పక్కింటివాళ్ళున్నారు. ఇంగ్లీషు మాత్రం మింగడానికి. గూడబాతు చేపని మింగినట్టు నమలకుండా, తల ముందూ తోక వెనకా ఉండేట్టు మింగాలి. పరీక్ష హాల్లో కూర్చున్నాక మళ్ళీ అదే వరసలో బయటికి తీసి కాగితం మీద పెట్టాలి. అలా తీయగలిగినవాడు తెలివైనవాడు, తీయలేనివాడు బాతులు కాసుకునేవాడు. ఈ రెంటికీ మధ్య మూడో రకం మనిషి ఉంటాడని నాకు పదో తరగతి పరీక్షలయ్యాక గానీ తెలియలేదు. ఆ మూడోవాణ్ణి నేనే. (నేను చెప్పేవాటిలో పావు వంతు నమ్మితే చాలని మా ఆవిడ కొత్తగా వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తుంది. ఈ ఒక్క కథకి మాత్రం ఆ లెక్క వర్తించదు. ఇది మొత్తం జరిగింది. గూడబాతు సంగతి తప్ప. అదైనా ప్రభుత్వ రికార్డుల్లో ఉంది కాబట్టి కాదనడానికి మీరెవరు, నేనెవరు?)

మాది కొల్లేటి మధ్యలో ఒక లంక. మా ఊరికి నీళ్ళు ముందొచ్చాయి, రోడ్డు చాలా ఆలస్యంగా వచ్చింది. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారి పోస్టు ఖాళీ. ఖాళీ అంటే ఏమీ లేదని కాదు. కుర్చీ ఉంది, కుర్చీ మీద దుమ్ముంది, టైంటేబుల్లో రోజూ మూడో పీరియడు ఇంగ్లీషని అందమైన అక్షరాలతో రాసుంది. ఆ పోస్టులో వేసిన ప్రతి మాస్టారూ దోనె దిగి, మా ఊరి దోమల్ని పరిచయం చేసుకుని, సాయంత్రానికి అదే దోనె ఎక్కి వెళ్ళిపోయేవారు. దానికి తోడు ఆ ఏడు సిలబస్ మారింది. కొత్త పాఠ్యపుస్తకాలు ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయని దసరా దాకా అన్నారు. దసరా దాటాక అనడం కూడా మానేశారు. అంచేత ముప్ఫై ఎనిమిది మందిమీ ప్రైవేటు మాస్టారి మీద పడ్డాం. (మా వైపు ట్యూషన్ని ప్రైవేటంటారు. ఊరంతా వినబడేలా అరుస్తూ చదివే చదువుకి ఆ పేరెవరు పెట్టారో గానీ.)

మాస్టారు అంతకుముందు ఆకివీడులో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా. ఏళ్ళ తరబడి ఆ చలిలో కూర్చుని కీళ్ళు పట్టేసి, వెచ్చగా ఉండే పని కావాలని చదువు చెప్పడంలోకి దిగారు. మహా మంచివారు. చేత్తో కొట్టిన పాపాన పోలేదు. "ఒరేయ్, అర్థం అడక్కండర్రా" అనేవారు బతిమాలుతున్నట్టు. "అర్థం తెలిసినవాడికి పరీక్షతో పని లేదు, పరీక్ష రాసేవాడికి అర్థంతో పని లేదు. పేజీ చూడు, కళ్ళు మూసుకో, అప్పజెప్పు. అంతే చదువంటే."

ఆ పేజీలన్నీ ఒక్క గైడులోవి. ఏలూరు వెళ్ళి మాస్టారు సంపాదించుకొచ్చిన గైడది. మూడు పాఠాలకి మూడు వ్యాసాలు అందులో గొప్పవి: సముద్రం ఒడ్డున లైట్‌హౌసులో దీపం వెలిగించే ఒక ముసలాయన కథ, మంచు కురవడం మీద ఎవరో దొర రాసిన పద్యం, తెల్లవారుజామున లేవడం వల్ల కలిగే లాభాలు. ఉన్నది ఒకటే గైడు కాబట్టి వంతులు పెట్టారు. వంతు వచ్చినవాడు సాయంత్రం గైడు ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు తెల్లారగానే మాస్టారి అరుగు మీది నల్లబల్ల మీద ఒక పేజీ ఎక్కించాలి. మిగతావాళ్ళు నోటు పుస్తకాల్లోకి దించుకోవాలి. పదింటికల్లా అందరికీ ఆ పేజీ నోటికొచ్చేయాలి. మాస్టారు గైడు తెరిచి చూసే అవసరమే లేదు. ఆ పద్ధతిలో ఆయనకి నచ్చినదీ అదే.

నా వంతు ఒక శనివారం పడింది, అదీ ఆ మూడు వ్యాసాలూ మొదలుపెట్టాల్సిన వేళకి. ఆదివారం ప్రైవేటు లేదు కనక రెండు రోజులు గైడు నాదే. మాస్టారి ఇల్లు పక్క లంకలో. సాయంత్రం దోనె మీద ఇంటికి వస్తున్నాను. అడుగున జానెడు నీళ్ళున్నాయి. ఆ నెలలోనే నాకు జీవితంలో మొదటి పొడుగు ప్యాంటు కుట్టించారు. మనిషి జీవితంలో పుస్తకాలు చాలా వస్తాయి గానీ మొదటి ప్యాంటు ఒక్కటే. గైడు పీట మీద వేసి దాని మీద కూర్చున్నాను. ఊరి రేవు దగ్గరకొచ్చాక లేచి నిలబడ్డాను. తడికి ప్యాంటుకి అతుక్కున్న గైడు కూడా నాతోపాటు లేచింది. కాస్సేపు నన్ను వదలడం ఇష్టం లేనట్టు వేలాడింది. తరవాత కొల్లేట్లో పడింది.

గుర్రపుడెక్క మీద పడబట్టి మునిగిపోలేదు. తీసి పిండాను. (పుస్తకాన్ని పిండకూడదని ఆ తరవాత తెలిసింది.) అట్ట ఒక చేతిలోకి, కుట్టు ఒక చేతిలోకి వచ్చేశాయి. అంటుకుపోయిన కాగితాలు విడదీస్తుంటే ముందుగా కింది మూలలు ఊడిపోయాయి. పేజీ అంకెలు వేసింది ఆ మూలల్లోనే. మా పెరట్లో ఉప్పు చేపలు ఆరబెట్టిన తాడు మీదే, చేపకీ చేపకీ మధ్య ఒక్కో కాగితం వేశాను. ఆదివారం పొద్దునకి చేపలూ సాహిత్యమూ చక్కగా ఎండాయి. ఇక వరసగా పేర్చాలి. చదివి పేర్చవచ్చు గదా అంటారేమో, అంత ఇంగ్లీషే వస్తే గైడుతో నాకేం పని? ప్రతి కాగితం మీదా నీటి మరక ఉంది. ఒక మరక అంచుకి పక్కకాగితం మరక అంచు కలవాలి కదా అని, మరకకి మరక జోడించుకుంటూ వెళ్ళాను. ఏ కాగితం తడి అయినా దాని పక్కదానికే అంటుతుంది, ఇందులో తర్కం లేదని ఎవరైనా అంటే ఇవాళ్టికీ వాదిస్తాను. ఆ కాగితాలు తాడు మీద ఆరేసినప్పుడే తారుమారయ్యాయని, కొత్త పక్కవాళ్ళతో కొత్త మరకలు పంచుకున్నాయని నాకు తట్టలేదు.

ఏలూరులో శుక్రవారం మూసి ఆదివారం తెరిచే బైండింగు కొట్టు ఒకటుండేది. పెద్ద సాయిబు గారు కాగితాలు చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇంగ్లీషు పుస్తకమంటున్నావు, ఉప్పు చేప వాసనేంటి నాయనా?"

"మాది కొల్లేరండీ."

"ఓహో" అన్నారు, అంతా అర్థమైపోయినట్టు. "వరస చూసుకున్నావా? నేను కుట్టేవాణ్ణే గానీ చదివేవాణ్ణి కాదు. కుట్టాక విప్పితే కాగితం బతకదు."

"చూశానండీ. మరకలన్నీ కలిశాయండీ."

ఆయన నా వైపు ఒకసారి, కాగితాల వైపు ఒకసారి చూశారు. చిరిగిన అంచులన్నీ సమంగా కోసేసి, గట్టి అట్ట వేసి, వెనక ఎర్రటి గుడ్డ అంటించి ఇచ్చారు. అరడజను బాతు గుడ్లిస్తే మూడు వెనక్కిచ్చేసి, "దారిలో తిను, నీరసంగా ఉన్నావు" అన్నారు.

సోమవారం పొద్దున్న ఆ పుస్తకం చూసి మాస్టారి కళ్ళు చెమర్చాయి. "చూడండర్రా!" అని రెండు చేతులా పైకెత్తి చూపించారు. "వీడికి పుస్తకమంటే ఎంత భక్తో! చిరుగుతోందని చెప్పకుండానే ఏలూరు వెళ్ళి బైండింగు చేయించుకొచ్చాడు. ఇవాళ్టినుంచీ వీడే మీ లీడరు." నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్య నిజం చెబితే ఎవరికీ వినబడదని మూసేశాను. (ఆ అలవాటు ఆ తరవాత రాజకీయాల్లో ఎంతమందికి ఉందో చూశాను గానీ, వాళ్ళకి నేను నేర్పలేదు.)

మొదటి రోజు పేజీలో లైట్‌హౌసు తాత (పేరు పలకలేక మేం పెట్టుకున్న పేరది) ఒంటరిగా ఉంటాడు, దీపం వెలిగిస్తాడు, తుఫానొస్తుంది. బాగుంది. రెండో రోజు పేజీలో చేతిలో దీపంతో చనిపోతాడు, ఊరంతా ఏడుస్తుంది. మూడో రోజు పేజీలో తెల్లటి మంచు చప్పుడు లేకుండా కప్పుతుంది. నాలుగో రోజు పేజీలో పెద్దక్షరాలతో 'తెల్లవారుజామున లేవడం', కింద దాని లాభాలు. అయిదో రోజు పేజీలో తాత నవయువకుడిలా నడుచుకుంటూ వచ్చి, రొట్టెలు కాల్చే ఒక విధవరాలిని పెళ్ళి చేసుకుంటాడు.

మా క్లాసులో పీత అని ఒకమ్మాయి ఉండేది. ప్రశ్న పట్టుకుంటే వదలదని ఆ పేరు. చదువుకుని టీచరవ్వాలని దాని పట్టుదల. అది లేచి నిలబడింది.

"మాస్టారండీ, తాత మొన్ననే చచ్చిపోయాడు కదండీ?"

"ఆఁ, చచ్చిపోయాడు."

"మరి ఇవాళ పెళ్ళేంటండీ?"

నా గుండె గైడు పడిన చోటికి జారిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పాత ఫ్యాక్టరీ చలి ఒంట్లోకి తెచ్చుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నారు: "అమ్మాయ్, మధ్యలో ఏం కురిసింది?"

"మంచండీ."

"మంచంటే?"

"చేపల పెట్టెల్లో వేసే ఐసు పొడి లాంటిదండీ."

"మరి? తాతని ఐసులో పెట్టారు. సరుకు పాడవలేదు. కొర్రమీను చచ్చినట్టే పడుంటుంది, నాలుగు నీళ్ళు చల్లితే తోక కొట్టదూ? తాతా అంతే. పొద్దున్నే లేచాడు. అందుకేగా 'తెల్లవారుజామున లేవడం' అని సైడ్ హెడ్డింగు ఇచ్చాడు రాసినాయన! లేచాక ఆరోగ్యం బాగుంది. పెళ్ళి చేసుకున్నాడు. ఇందులో నీకు తప్పేం కనిపించింది?"

కొల్లేటి పిల్లలం. ఇందులో మాకేం తప్పు కనిపిస్తుంది? ముప్ఫై ఏడు తలలు ఊగాయి. పీత కూడా కూర్చుంటూ, "మరా ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది. సైడ్ హెడ్డింగులకి మార్కులెక్కువని మాస్టారు ఎర్ర సిరాతో గీతలు గీయించారు. "మనవాళ్ళయితే పుట్టాడు, పెరిగాడు, పోయాడు అని వరసగా చెప్పేస్తారర్రా" అని కూడా అన్నారు ఆరాధనగా. "దొరలది అలా కాదు. సాహిత్యమంటే అదీ!"

నిజం నాకొక్కడికే తెలుసు. చెప్పాలనుకున్న ప్రతిసారీ మా నాన్న గుర్తొచ్చేవాడు. ఆయనకి నాలుగొందల బాతులు. కోతలైన పొలాలు వెతుక్కుంటూ అత్తిలి దాకా తోలుకెళ్ళి నెలల తరబడి గుడిసెల్లో ఉండేవాడు. పది పాసైతే తాడేపల్లిగూడెంలో మావయ్య ఇంట్లో ఉంచి ఇంటర్ చదివిస్తానన్నాడు. తప్పితే మాత్రం, "నా కర్ర నీకిచ్చేస్తాను, నాకూ మోకాళ్ళు నెప్పులు" అన్నాడు. ఆ మందలో ఒక పెద్ద మగబాతు ఉండేది. నేను పెరట్లోకి వెళ్తే చాలు, కొత్తగా చేరబోయే గుమాస్తాని మేనేజరు చూసినట్టు తలవంచి చూసేది.

పరీక్షలో ఏమొచ్చిందనుకుంటున్నారు? లైట్‌హౌసు ముసలాయన గురించి వ్యాసం రాయుమని వచ్చింది. హాల్లోంచి బయటికొచ్చిన ముప్ఫై ఎనిమిది ముఖాలూ వెలిగిపోతున్నాయి. అందరూ ఎర్ర గీతలతో సహా దించేశారు. ఒకడైతే (వాడి పేరెందుకు, ఇప్పుడు పెద్దమనిషి) మంచు చేపల వాసన వేస్తుందని సొంతంగా ఒక వాక్యం కూడా కలిపాడు.

ఫలితాల పేపరు భీమడోలు నుంచి గట్టు దాకా బస్సులో, అక్కణ్ణించి దోనెలో వచ్చింది. వేలు పెట్టి నంబర్లు వెతికాం. మా బడి నంబర్లు మొదలయ్యే ముందు నంబరుంది, అయిపోయిన తరవాతి నంబరుంది. మధ్యలో మేం లేం. ఒక్కళ్ళం కూడా లేం. రెండు రోజులకి బడికి కాగితం వచ్చింది. ముప్ఫై ఎనిమిది మందీ అక్షరం పొల్లుపోకుండా ఒకే వ్యాసం, అదీ పిచ్చివ్యాసం రాశారు గనక మూకుమ్మడిగా కాపీ కొట్టారని అనుమానమట. ఫలితాలు ఆపేశారట. విచారణకి అందరూ ఏలూరు రావాలట. కాపీ అని తేలితే మూడేళ్ళ దాకా పరీక్ష రాయనివ్వరని ఊళ్ళో ఎవరో అన్నారు. పీత అన్నం మానేసింది. మా నాన్న కర్రకి కొత్త పొన్ను వేయించాడు.

మాస్టారితో సహా దోనెల్లో గట్టు చేరి, అక్కణ్ణించి చేపల లారీలో ఏలూరు వెళ్ళాం. ఒక బళ్ళో గది. బల్ల వెనక విచారణాధికారి, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. కోప్పడే మనిషి కారు. ఆ మర్యాదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

"ఏమ్మా, చూడకుండా చెప్పగలవా ఆ వ్యాసం?" అన్నారు మొదటి వరసలో ఉన్న పీతని.

పీత కళ్ళు మూసుకుంది. రైలు కదిలింది. తాత దీపం వెలిగించాడు, తుఫానొచ్చింది, చచ్చిపోయాడు. "చాలమ్మా. నువ్వు చెప్పు బాబూ, అక్కణ్ణించి" అంటే పక్కవాడు అందుకున్నాడు. వాణ్ణాపితే ఆ పక్కవాడు. ముప్ఫై ఎనిమిది మందిమీ పెట్టెకి పెట్టె తగిలించినట్టు చెప్పుకుంటూ పోయాం. చివరివాడు తాతకి పెళ్ళి చేసి, 'నాలుగో మోడల్ ప్రశ్నకి పుస్తకం చివర చూడుము' అని గైడు కింద అచ్చువేసిన ముక్క కూడా అప్పజెప్పాడు.

ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వీళ్ళు కాపీ కొట్టలేదండీ" అన్నారు తనలో తాను. "అంతకంటే ఘోరం. చదివారు."

తరవాత మాస్టార్ని గైడు అడిగి తీసుకున్నారు. తన దగ్గరున్న అదే గైడు ఇంకో ప్రతి పక్కన పెట్టి చూశారు. చూస్తున్న కొద్దీ ఆయన కనుబొమలు పైకి వెళ్ళిపోయాయి.

"ఏవండీ మాస్టారూ, చచ్చిపోయినవాడు పెళ్ళెలా చేసుకున్నాడో మీకు అనుమానం రాలేదా అండీ?"

"ఐసులో పెట్టారు కదండీ" అన్నారు మాస్టారు వినయంగా.

ఆఫీసరు గారు గైడు మూసేశారు. ఆయన చదువుకున్నది ఇంగ్లీషు సాహిత్యమేనట. ఎక్కడో నొప్పెట్టినట్టుంది. తరవాత గైడులు రెండూ పక్కకి జరిపారు. "చూడండి. బజార్లో దొరికే గైడు ఇలా లేదు. ఎవరో పేజీలు మార్చి కుట్టించారు. ఎవరో తేలితే ఆ మనిషి మీద రాసి పిల్లల్ని వదిలేస్తాను. తేలకపోతే ఫైలు హైదరాబాదు వెళ్తుంది. వెళ్ళిన ఫైలు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. మీరే చేశారా?"

మాస్టారు ఎర్ర గుడ్డ అంటించిన ఆ బైండింగు వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. తెలిసి కూడా ఆఫీసరు గారి వైపు తిరిగి, "నేనేనండీ" అన్నారు. "నావల్లే జరిగిందని రాసుకోండి బాబూ. ఇక నేను ప్రైవేటు చెప్పనులెండి. లేకపోతే పిల్లల్ది ఏడాది పోతుంది."

నేను మంచివాణ్ణి కాదు. ఆ రోజు కూడా మంచితనంతో లేవలేదు. మిగతా ముప్ఫై ఏడుగురూ ఊపిరి పీల్చుకున్న ఆ చప్పుడు వినేసరికి కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"మాస్టారు కాదండీ. నేనండీ. గైడు మీద కూర్చున్నానండీ. కొల్లేట్లో పడిందండీ. ఎండబెట్టి నేనే పేర్చానండీ."

"సార్, వీడి మాట నమ్మకండి సార్!" అంది పీత గబుక్కున. "వీడు పుట్టాక నిజం చెప్పలేదు. మాస్టార్ని కాపాడ్డానికి కోస్తున్నాడు!"

వెనకనుంచి నలుగురైదుగురు "ఆయ్, అవునండీ, కోతలరాయుడండీ వీడు" అని వంత పాడారు. జీవితంలో మొదటిసారి నిజం చెబితే ఇదీ గౌరవం. ఉడుకుమోత్తనం వచ్చేసింది. బల్ల దగ్గరికెళ్ళి గైడు తెరిచి, మరకకి మరక ఎలా కలిసిందో వేలితో గీసి చూపించాను. "వాసన చూడండి సార్" అన్నాను. ఆఫీసరు గారు పుస్తకంలో ముక్కు పెట్టారు. ఉప్పు చేప. పీత కూడా వచ్చి వాసన చూసింది. చూసి, నా వైపు తిరిగింది. ఆ చూపు ముందు మా మగబాతు చూపు ఏమూలకి?

"ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?" అంది.

"లీడర్ని చేశారుగా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. లారీలో తిరిగి వెళ్ళాల్సింది వీళ్ళతోనే కదా అని నాకు మొదటిసారి గుర్తొచ్చింది.

ఆఫీసరు గారు మిగతా అందర్నీ వరండాలోకి పంపి, నన్నూ మాస్టార్నీ ఉండమన్నారు. కలం మూత తీశారు, మళ్ళీ పెట్టారు. "ఇబ్బందొచ్చిందండీ" అన్నారు. "కుర్రాడు పుస్తకం మీద కూర్చున్నాడని రాస్తే నిర్లక్ష్యం అవుతుంది. నిర్లక్ష్యానికి చర్య ఉంటుంది. వీడి ఏడాది పోతుంది. అసలు పాఠ్యపుస్తకాలే అందలేదని రాస్తే నా పైవాళ్ళ నిర్లక్ష్యం అవుతుంది. అప్పుడు నాకు చర్య ఉంటుంది." కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "బాబూ, బాగా గుర్తు తెచ్చుకో. అది నీళ్ళలో పడడానికి వేరే కారణం ఏమైనా... మనిషి చేతిలో లేనిది... గాలివానలాంటిది?"

నిజం చెప్పి అప్పటికే అలిసిపోయి ఉన్నాను. చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

"గూడబాతండీ" అన్నాను. "పైనుంచి వచ్చి చేతిలో గైడు తన్నుకుపోయిందండీ. చేపనుకుందండీ."

"ఎంతుంది?"

"మీ బల్లంత ఉందండీ."

"బల్లంత వద్దు, నమ్మరు" అన్నారాయన రాసుకుంటూ. "కుర్చీ అంత అని రాస్తాను."

మాస్టారు సాక్షి సంతకం చేశారు, ఏమీ ఎరగనట్టు, గుండ్రటి అక్షరాలతో. ఆఫీసరు గారు లేచి బీరువా తెరిచారు. నిలువునా కొత్త పాఠ్యపుస్తకాల కట్టలు, పురి తాళ్ళు కూడా విప్పనివి. "మొన్ననే వచ్చాయండీ" అన్నారు చూపు తప్పించి. ఒక పుస్తకం లాగి మాస్టారి చేతిలో పెట్టారు.

తిరుగు లారీలో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఫలితాలు విడుదల చేస్తారని మాస్టారు చెప్పినా సరే. (చేశారు కూడా. ఇంగ్లీషులో అత్తెసరు మార్కులతో అందరం గట్టెక్కాం. నేను తాడేపల్లిగూడెం వెళ్ళాను. పీత టీచరైంది. బాతులు నా పీడ విరగడైందని సంతోషించాయి.) కానీ ఆ పూటకి మాత్రం ఖాళీ చేపపెట్టెల చివర, అందరికీ వీపు కనబడేలా నేనొక్కణ్ణే కూర్చున్నాను. మాస్టారు డ్రైవరు పక్కన కూర్చోకుండా మాతోపాటే వెనకాల కూర్చుని, ఆ కొత్త పుస్తకం తెరిచి, కథని వరసగా, ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ చదవడం మొదలుపెట్టారు. ఆయన అర్థం చెప్పగా వినడం మాకదే మొదటిసారి. ఆయనకి ఇంగ్లీషు వచ్చునని కూడా అప్పుడే తెలిసింది.

పెళ్ళి రెండో పేజీలోనే అయిపోయింది. మూడో పేజీలో ఆవిడ జ్వరమొచ్చి పోయింది. తాత ఒక్కడే మిగిలాడు. తుఫానొచ్చింది. దీపం ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని రాత్రంతా నిలబడ్డాడు. ఓడ ఒడ్డుకి చేరింది.

"చచ్చిపోయాడర్రా" అన్నారు మాస్టారు.

"తరవాతండీ?" అంది పీత.

మాస్టారు పేజీ తిప్పారు. "తరవాత లేదమ్మా. తరవాత అభ్యాసాలున్నాయి."

లారీ గట్టు మీద గోతుల్లో పడుతూ లేస్తూ పోతోంది. రెండు పక్కలా చేపల చెరువుల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. ముప్ఫై ఎనిమిది మందిమీ నిజంగానే ఎవరో మా ఊరి మనిషి పోయినట్టు కూర్చున్నాం. నెలల తరబడి పెళ్ళికొడుకుగా చూసిన మనిషి. ఒకడు ముక్కు చీదుకున్నాడు. "మనదే బాగుందర్రా" అన్నారు మాస్టారు మెల్లిగా, పుస్తకం మూసేసి.

చాలాసేపటికి పీత పెట్టెల మీంచి పాకుతూ నా దగ్గరికొచ్చింది. కొడుతుందనుకుని తల వంచుకున్నాను.

"ఒరేయ్ కోతలరాయుడూ" అంది. "పెళ్ళయ్యాక ఏమైందో నువ్వు చెప్పరా."

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే ఇటు తిరిగారు. అవతలి రేవొచ్చేసరికి తాతకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, నాలుగు దోనెలు. ఇంకా ఏమేం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఆఫీసులో, కాఫీ హోటళ్ళలో ఎన్ని కబుర్లు చెప్పానో, ఎంతమంది నవ్వారో లెక్క లేదు. కానీ రేవు దగ్గర లారీ ఆగాక కూడా ఎవరూ దిగకుండా, "ఊఁ, తరవాత?" అని కూర్చున్నది మాత్రం ఆ ఒక్క సాయంత్రమే. మొదటి పొడుగు ప్యాంటుకి చేపల నీళ్ళంటుకున్న సంగతి కూడా మర్చిపోయి, చేతులు తిప్పుతూ అబద్ధాలాడుతున్న ఆ పదిహేనేళ్ళ కుర్రాణ్ణి ఇప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని వినాలని ఉంటుంది. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.